పాత కంప్యూటర్‌లో బరువు ఎక్కడుంది? – మీ ప్రశ్నలు, నా జవాబులు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. అప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉంటున్నాయి. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌ను ఏం చేయాలి? ఈసారి మొత్తం చోటు వాటికే ఇస్తున్నాను.

నేను ఒక గ్రంథాలయంలో పాఠకుల కోసం పెట్టిన కంప్యూటర్లు చూసుకుంటాను. వాటిలో కొత్తది ఒక్కటీ లేదు. కొన్ని కోర్ 2 డుయో అనే పాత ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్‌లు, మరికొన్ని ఎవరో వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు. అన్నీ విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తున్నాయి, వాటి ముందు రోజూ జనం కూర్చుంటున్నారు. కాబట్టి ఇక్కడ రాసేవన్నీ నా చేతుల్లో పనిచేసిన సంగతులే.

ఒక్క మనవి. ఉత్తరంలో "పదేళ్ల నాటి కంప్యూటర్" అని మాత్రమే రాస్తే జవాబు చెప్పడం కష్టం. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, లోపల ఉన్నది హార్డ్ డిస్కా ఎస్‌ఎస్‌డీనా అన్న మూడు వివరాలు తప్పకుండా రాయండి. ఆ కంప్యూటర్‌తో మీకున్న పని ఏమిటో కూడా రాస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మేడమ్, నేను రిటైరైన టీచర్ని. నా ల్యాప్‌టాప్ 2015లో కొన్నది. ఇంటెల్ కోర్ ఐ3-5005యూ, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11కి పనికిరాదని స్క్రీన్ మీద వస్తోంది. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికే చాలాసేపు పడుతోంది. మెయిల్ చూసుకోవడం, వార్తలు చదవడం, మనవడితో వీడియో కాల్, అప్పుడప్పుడు వ్యాసాలు టైప్ చేసుకోవడం, నా అవసరం ఇంతే. అందరూ కొత్తది కొనమంటున్నారు. కొనాలా?

జవాబు: కొననక్కర్లేదు టీచర్ గారూ. మీరు రాసిన పనులన్నిటికీ ఆ ల్యాప్‌టాప్ సరిపోతుంది.

విండోస్ 11 దాన్ని కాదన్నది వేగం చాలక కాదు. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా 8వ తరం నుంచి మాత్రమే మైక్రోసాఫ్ట్ తన జాబితాలో చేర్చింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలంది. మీది 5వ తరం కాబట్టి జాబితాలో లేదు. అంతే తప్ప ఆ ప్రాసెసర్ 2015లో సెకనుకు ఎంత పని చేసిందో ఇప్పుడూ అంతే చేస్తుంది. వేడెక్కకుండా చూసుకుంటే చాలు. ఎవరైనా లోపలి ఫ్యాన్ దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చి ఇస్తే ఆ దిగులు కూడా తీరుతుంది.

మరి ఎందుకు అంత నెమ్మది? నా అనుభవంలో ఇలాంటి ల్యాప్‌టాప్‌లను వెనక్కి లాగేది ముందు హార్డ్ డిస్క్, తర్వాత ర్యామ్. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుల్లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు. కావలసిన ఫైలు ముక్క తిరుగుతూ రీడింగ్ హెడ్ కిందికి వచ్చేదాకా కంప్యూటర్ ఊరికే ఆగి ఉండాలి. ఒక పెద్ద సినిమా ఫైలును వరుసగా చదవడానికి ఇది ఇబ్బంది కాదు. కానీ ఆన్ చేసినప్పుడు సిస్టమ్ వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లను డిస్క్ నలుమూలల నుంచీ ఏరుకోవాలి. దానికి తోడు 4 జీబీ ర్యామ్ నిండిపోతే మిగిలింది మళ్లీ ఆ డిస్క్ మీదికే తోస్తుంది. మీరు చూస్తున్న ఆలస్యం అదే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, ఆ ఎదురుచూపులూ ఉండవు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ కంటే ముందు డిస్క్ మార్పించండి. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అని అడగండి. మీ అవసరానికి 256 జీబీ చాలు. ల్యాప్‌టాప్ ఎలాగూ విప్పుతారు కనుక ర్యామ్‌ను 8 జీబీకి పెంచే వీలుందేమో చూడమనండి. మీ ప్రాసెసర్‌కు డీడీఆర్3ఎల్ రకం కావాలి. ఇది 1.35 వోల్టులది. మామూలు డీడీఆర్3 1.5 వోల్టులది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకని పాత ర్యామ్ మీది లేబుల్ చదివాకే కొత్తది కొనాలి.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. మీ పాత హార్డ్ డిస్క్ విండోస్‌తో సహా, ఫొటోలతో సహా, చెక్కుచెదరకుండా పక్కన ఉంటుంది. కొత్త సిస్టమ్ నచ్చకపోతే దాన్ని తిరిగి బిగించుకోవచ్చు. నచ్చితే యూఎస్‌బీ కేసులో పెట్టుకుని అందులోంచి ఫైళ్లు తెచ్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. ఆ విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే, విప్పకముందే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక సిస్టమ్. లైనక్స్ రకరకాల కూర్పులుగా దొరుకుతుంది, వాటిని డిస్ట్రోలంటారు. మీకు వాటిలో లైనక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ చెబుతాను. మింట్ 22 వరుస వెర్షన్లు ఉబుంటు అనే మరో డిస్ట్రో 24.04 వెర్షన్ మీద కట్టినవి, వాటికి 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ 1996లో మొదలైన డెస్క్‌టాప్, అంటే తెర మీద మెనూలు, విండోలు చూపించే భాగం. హంగులు తక్కువ, నిలకడ ఎక్కువ. కింద ఎడమ మూల మెనూ ఉంటుంది, విండోస్ వాడినవారికి మొదటి గంటలోనే చేయి తిరుగుతుంది. ఇంతకంటే తేలికైన డిస్ట్రోలు ఉన్నాయి, కానీ ర్యామ్‌ను 8 జీబీకి పెంచుకుంటే మీకు వాటితో పనిలేదు. తేలిక కోసం సౌకర్యం వదులుకోవడం అవసరం ఉన్నప్పుడే చేయాలి.

వేయించే ముందు పెన్ డ్రైవ్ నుంచి నడిపి చూడండి. మింట్ ఫైలును రూఫస్‌తోనో బలేనా ఎచర్‌తోనో 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఆ పెన్ డ్రైవ్‌లో అంతకు ముందున్నవన్నీ పోతాయి, కనుక ఖాళీది తీసుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో మీ కంపెనీ పెట్టిన కీ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. డిస్క్‌లో ఏమీ మార్చకుండా సిస్టమ్ మొత్తం పెన్ డ్రైవ్ నుంచే లేస్తుంది. అప్పుడు వైఫై తగులుతోందా, కెమెరా, మైకు, స్పీకరు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా అన్నవి చూడండి. మనవడికి ఒకసారి కాల్ చేసి మాట్లాడండి. అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్ చేయించండి. పెన్ డ్రైవ్ మీద కాస్త నెమ్మదిగా ఉంటుంది, వేగాన్ని అప్పుడే లెక్కించకండి.

ప్రశ్న: మేడమ్, డిగ్రీ చదువుతున్నాను. మా అన్నయ్య వాడి పక్కన పెట్టిన నెట్‌బుక్ నాకు వచ్చింది. ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్, 32 బిట్. యాంటీఎక్స్ అనే తేలికైన లైనక్స్ వేశాను. డెస్క్‌టాప్ వచ్చేసరికి 150 ఎంబీ దాకానే వాడుతోంది, చాలా బాగుంది. కానీ బ్రౌజర్‌లో రెండు సైట్లు తెరిస్తే హ్యాంగ్ అయిపోతోంది. ఇంతకంటే తేలికైన డిస్ట్రో ఏది?

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. సిస్టమ్ మొత్తం 150 ఎంబీలో సర్దుకుంది. దాన్ని తీసేసి టైనీ కోర్ అనే అతి చిన్న డిస్ట్రో వేసినా మీకు కొత్తగా మిగిలేది మహా అయితే నూరు ఎంబీ. ప్రకటనలు, కదిలే బొమ్మలు, కట్టలకొద్దీ జావాస్క్రిప్ట్ ఉన్న ఒక్క వార్తల సైటు అంతకు రెండు మూడు రెట్లు మింగుతుంది. బరువు బ్రౌజర్‌లో ఉంటే మీరు డెస్క్‌టాప్‌లో వెతుకుతున్నారు. పాత కంప్యూటర్ల గురించి రాసే చాలామంది "తేలికైన డిస్ట్రోల జాబితా" ఇచ్చి ఊరుకుంటారు, ఈ మాట చెప్పరు. అందుకే మీలాంటి పిల్లలు డిస్ట్రో మీద డిస్ట్రో మారుస్తూ నెలలు పోగొట్టుకుంటున్నారు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

ఆటమ్ ఎన్270 2008లో వచ్చింది. ఒకటే కోర్, 32 బిట్ అనే పాత రకం. ఈ రకానికి దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. లైనక్స్ మీద 32 బిట్ క్రోమ్‌ను గూగుల్ 2016లోనే ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 145వ వెర్షన్ నుంచి 32 బిట్ లైనక్స్‌కు రావడం లేదు. చాలా డిస్ట్రోలకు పునాది అయిన డెబియన్‌లో 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌కు 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. దాని ముందుదైన డెబియన్ 12కి మాత్రం దీర్ఘకాలిక సపోర్ట్ 2028 జూన్ దాకా ఉంది. మీరు వేసింది యాంటీఎక్స్ 23 అయితే అది డెబియన్ 12 మీద కట్టిందే. కనుక మీ ఎంపిక సరైనదే, దాన్ని కదపకండి.

చేయదగినవి చెబుతాను. ఎన్270 ఉన్న నెట్‌బుక్కులు చాలావరకు 2 జీబీ ర్యామ్ తీసుకుంటాయి, అంతకు మించి ఎక్కదు. ఎవరి దగ్గరైనా పాత డీడీఆర్2 ల్యాప్‌టాప్ ర్యామ్ దొరికితే పెట్టండి. జెడ్‌ర్యామ్ ఆన్ చేయండి. ర్యామ్ నిండే సమయానికి వాడకంలో లేని భాగాన్ని డిస్క్‌కు పంపకుండా ర్యామ్‌లోనే కుదించి ఉంచుతుంది. కుదించడానికి ప్రాసెసర్ కొంచెం కష్టపడాలి. మీది బలహీనమైన ప్రాసెసర్ కాబట్టి అందులో ఎల్‌జెడ్4 పద్ధతి ఎంచుకోండి, అది త్వరగా అయిపోతుంది. అక్షరాలే ప్రధానంగా ఉండే పేజీలకు డిల్లో, నెట్‌సర్ఫ్ బ్రౌజర్లు ఉన్నాయి. పాఠాలు, మాన్యువల్స్ చదువుకోవడానికి అవి ఎంతో చురుకు. బ్యాంకు పనులు, ఫీజు చెల్లింపులు మాత్రం ఈ మెషీన్ మీద పెట్టుకోకండి. అప్‌డేట్లు ఆగిన బ్రౌజర్‌తో డబ్బు జోలికి పోవద్దు.

ఆ తర్వాత ఈ నెట్‌బుక్‌ను వెబ్ కోసం కాదు, చదువు కోసం వాడండి. జీసీసీతో సీ ప్రోగ్రాములు రాయండి, జీనీ ఎడిటర్ దీని మీద హాయిగా నడుస్తుంది. పైథాన్ నేర్చుకోండి. నోట్సుకు అబీవర్డ్, లెక్కలకు న్యూమరిక్ పెట్టుకోండి. టెర్మినల్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి ఉండదు. ఏం చేసినా పాడవుతుందన్న భయం లేదు, సోషల్ మీడియా తెరుచుకోదు, మీ దృష్టి పక్కకు పోదు. గ్రంథాలయంలో ఇలాంటి నెట్‌బుక్ ఒకటి పూర్తిగా ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల కోసమే ఉంచాను. దాని కోసం వరుసలో కూర్చుంటారు.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌కు లుబుంటు లైనక్స్ వేసుకున్నాను. బాగానే ఉంది గానీ, స్విచ్ ఆపి వేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోంది. ఏ సైటు తెరిచినా "సురక్షితం కాదు" అంటోంది. వైరస్సా?

జవాబు: వైరస్ కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మీ కంప్యూటర్ తాను ఎన్నో ఏళ్ల వెనక ఉన్నాననుకుంటోంది కాబట్టి ఆ సర్టిఫికెట్లు ఇంకా మొదలే కాలేదని భావిస్తోంది. కరెంటు తీగ పీకి, బ్యాటరీ మార్చి, కంప్యూటర్ ఆన్ అవుతూనే తెరుచుకోగల బయోస్ సెట్టింగుల్లో తేదీ సరిచేయండి.

ప్రశ్న: 2012 నాటి కోర్ ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. అన్నీ వేగంగా ఉన్నాయి, యూట్యూబ్ తప్ప. వీడియో ఆగి ఆగి వస్తోంది, ఫ్యాన్ హోరెత్తిపోతోంది. లైనక్స్ వల్లేనా?

జవాబు: లైనక్స్ తప్పు కాదు, వీడియో ఏ రూపంలో వస్తోందన్నదే సంగతి. వీడియోను కుదించి పంపే పద్ధతులు చాలా ఉన్నాయి. 2012 ప్రాసెసర్‌లో వాటిలో హెచ్.264 అనే పద్ధతి వీడియోను విప్పడానికి ప్రత్యేకమైన భాగం ఉంది. అది పనిచేస్తుంటే మిగతా ప్రాసెసర్ మీద భారం పడదు. కానీ యూట్యూబ్ మామూలుగా పంపేది వీపీ9 లేదా ఏవీ1. ఇంటెల్ చిప్పుల్లో వీపీ9ని పూర్తిగా విప్పే భాగం 2016లో వచ్చిన కేబీ లేక్ నుంచే ఉంది. మీ మెషీన్‌లో అది లేదు కనుక మొత్తం లెక్క ప్రాసెసర్ చేత్తోనే చేయాల్సి వస్తోంది. ఆ ఫ్యాన్ హోరు అందుకే.

బ్రౌజర్‌కు హెచ్264ఐఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ జోడించండి. అది యూట్యూబ్‌ను హెచ్.264 రూపమే పంపమని అడుగుతుంది. మీ స్క్రీన్‌కు 720పీ చాలు, 1080పీ పెట్టినా ఆ సైజులో పెద్దగా తేడా తెలియదు. ఇంటెల్ గ్రాఫిక్స్‌కు వీఏ-ఏపీఐ డ్రైవర్ ఉందో లేదో కూడా చూసుకోండి. అది లేకపోతే హార్డ్‌వేర్‌లో ఉన్న సదుపాయాన్ని బ్రౌజర్ వాడుకోలేదు.

పనిలో పనిగా ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. దాన్ని ప్రకటనల చిరాకు కోసమే అనుకుంటారు గానీ, పాత కంప్యూటర్‌కు అది ర్యామ్ పెంచినంత మేలు చేస్తుంది. ప్రకటనల స్క్రిప్టులు దిగనే దిగవు, వాటి పనీ నడవదు. గ్రంథాలయంలో కోర్ 2 డుయోల మీద నేను చేసే మొదటి పని అదే. క్రోమ్‌లో దీని పూర్తి వెర్షన్ ఇప్పుడు పనిచేయదు, పాత మెషీన్ల మీద నేను ఫైర్‌ఫాక్స్ పెట్టడానికి ఇదొక పెద్ద కారణం. ఫైర్‌ఫాక్స్ మెనూలో "మోర్ టూల్స్" కింద టాస్క్ మేనేజర్ ఉంది. ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో అందులో కనిపిస్తుంది. ఒకసారి తెరిచి చూడండి, ఏ సైట్లకు దూరంగా ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: నేను డీటీపీ పని చేస్తాను. ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి. కంప్యూటర్‌కు లైనక్స్ వేస్తే తెలుగు ఎలా? ఆ ఫైళ్లు పోతాయా?

జవాబు: తెలుగు టైపింగ్ గురించి ఏమాత్రం టెన్షన్ పడకండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పద్ధతి వచ్చినవారికి కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే చాలు, విడిగా ఏమీ వేయక్కర్లేదు. టైపింగ్ భాష మార్చే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయవచ్చు. మీలా డీటీపీలో యాపిల్ కీబోర్డ్ అలవాటైనవారికి ఆ లేఅవుట్ కూడా అందులో ఉంది. ఫాంట్ల విషయానికొస్తే నోటో సాన్స్ తెలుగు, లోహిత్, పోతన, మండలి, రామభద్ర వంటివి ఉచితంగా దొరుకుతాయి.

ఫైళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. అను ఫైళ్లలో ఉన్నది అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు తొడిగిన పద్ధతి అది. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పోలేదు, చదివే కళ్లజోడు లేదంతే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు, అరసున్నలు, కొన్ని సంయుక్తాక్షరాల దగ్గర అవి తడబడతాయి, కాబట్టి మార్చిన ప్రతి పేజీనీ మనిషి చదివి దిద్దాల్సిందే.

మీకు నా సలహా, ఇప్పుడే పూర్తిగా మారకండి. పేజ్‌మేకర్‌లోనే పని ఇవ్వాల్సిన ప్రెస్సులు మీకు ఉంటే ఒక మెషీన్‌ను పాత విండోస్‌తో, నెట్ తీగ పీకేసి, ఆ పనికే ఉంచండి. నెట్‌కు దూరంగా ఉన్న పాత విండోస్ పని పూర్తిచేస్తుంది. రెండో మెషీన్‌లో లైనక్స్ వేసి కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పేజీల అమరికకు స్క్రైబస్, రాతకు లిబ్రే ఆఫీస్ ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన వర్డ్ ఫైళ్లను లిబ్రే ఆఫీస్ తెరుస్తుంది గానీ, క్లిష్టమైన టేబుళ్లు, అమరికలు కొంచెం జరుగుతాయి. అచ్చుకు పంపే ముందు పీడీఎఫ్ తీసి కళ్లతో చూసుకోండి.

ప్రశ్న: అటక మీద పెంటియం 4 డెస్క్‌టాప్ ఉంది. దానికి లైనక్స్ వేసి ఇంట్లో ఫొటోలు, ఫైళ్లు దాచే సర్వర్‌గా రోజంతా ఆన్‌లో ఉంచాలనుకుంటున్నాను. సరైన ఆలోచనేనా?

జవాబు: పాత కంప్యూటర్ బతకాలని నాకు ఎంత పట్టుదల ఉన్నా, దీనికి మాత్రం వద్దనే అంటాను. 2004 ప్రాంతంలో వచ్చిన పెంటియం 4లు గరిష్ఠంగా 84 నుంచి 115 వాట్ల వేడికి డిజైన్ చేసినవి. అది ఒక్క ప్రాసెసర్‌కే. ఊరికే ఉన్నప్పుడు కరెంటు బాగా తగ్గించుకునే నేర్పు వాటికి లేదు. మొత్తం మెషీన్ సగటున 80 వాట్లు లాగుతుందనుకున్నా రోజుకు దాదాపు 2 యూనిట్లు, ఏడాదికి 700 యూనిట్లు. రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు 5 వాట్లతో ఆ పనే చేస్తే ఏడాదికి 44 యూనిట్లు.

సర్వర్ కావాలంటే స్క్రీన్ పగిలిన ల్యాప్‌టాప్ వాడండి. ల్యాప్‌టాప్‌లు పుట్టుకతోనే పొదుపరులు. డెబియన్‌ను డెస్క్‌టాప్ లేకుండా వేసి, ఇంట్లో ఫైళ్లు పంచే సాంబా, ఫోన్ల నుంచి ఫైళ్లు తెచ్చే సింక్‌థింగ్ పెట్టుకుంటే ఇంట్లో అందరి ఫోన్ల ఫొటోలూ దాచుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం తీసేసి ఛార్జర్ మీదే నడపండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, వంచకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు.

ఆ పెంటియంను ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వండి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు తయారయ్యాయని, వాటిలో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు అందింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. మీ పెంటియం ఆ 22 శాతంలో ఉండాలి. ఇచ్చేముందు హార్డ్ డిస్క్‌ను ష్రెడ్ఓఎస్ లాంటి దానితో మొత్తం తుడవండి. ఫైళ్లను డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ చేసినా లోపలి సమాచారం చాలావరకు అలాగే ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై దాటాయి. మా అబ్బాయి వచ్చినప్పుడు నా కంప్యూటర్‌కు లైనక్స్ మింట్ వేసి వెళ్లాడు. వాడుకోవడానికి హాయిగానే ఉంది. కింద డాలు బొమ్మ మీద గుర్తు వచ్చినప్పుడల్లా నొక్కితే ఏమవుతుందో అని భయం. యాంటీవైరస్ కూడా లేదు. నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: ఉండవచ్చండి. ఆ డాలు బొమ్మ అప్‌డేట్ మేనేజర్. నొక్కితే మింట్ వారి భాండాగారం నుంచి వచ్చిన అప్‌డేట్ల జాబితా కనిపిస్తుంది. "ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి. పని జరుగుతుండగా కంప్యూటర్ ఆపకండి, అంతే. సిస్టమ్‌తో పాటు బ్రౌజర్ కూడా అక్కడే కొత్తదవుతుంది. మీ భద్రతలో ముఖ్యమైన భాగం అదే.

యాంటీవైరస్ మీకు అవసరం లేదు. దాని బదులు ఒక అలవాటు చాలు. బ్రౌజర్‌లో హఠాత్తుగా స్క్రీనంతా నిండి, "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తే అది అబద్ధం. ట్యాబ్ మూసేయండి. మూయనివ్వకపోతే కంప్యూటర్‌నే రీస్టార్ట్ చేయండి. ఎవరైనా ఫోన్ చేసి ఫలానా ప్రోగ్రామ్ వేసుకోమన్నా, ఫలానా మాటలు టైప్ చేయమన్నా చేయకండి. ఆ మోసాలకు విండోస్ అయినా లైనక్స్ అయినా ఒకటే.

ఇక అప్‌డేట్ తర్వాత ఏదైనా తేడా చేస్తే వెనక్కి వెళ్లడానికి మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది. అది ఆన్‌లో ఉందో లేదో ఈసారి అబ్బాయి ఫోన్ చేసినప్పుడు అడిగి చూడండి. లేకపోతే మెనూలో టైమ్‌షిఫ్ట్ తెరిచి వారానికి ఒక స్నాప్‌షాట్ తీసేలా పెట్టమనండి, ఫోన్‌లో చెబుతుంటే మీరే చేయగలరు. ఇది సిస్టమ్ ఫైళ్లను మాత్రమే కాపాడుతుందన్నది గుర్తుపెట్టుకోండి. మీ ఫొటోలు, ఉత్తరాలు దాని లెక్కలోకి రావు. వాటిని నెలకోసారి మీరే ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్ డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి తీసి విడిగా పెట్టండి.